మా ఊరి మాజీ అత్తయ్య

మా మేనత్తను దారి అడిగినవాడు గమ్యం చేరడు, చరిత్రలోకి చేరతాడు. ఈ ఊళ్ళో ఏదీ ఆవిడకు ఇప్పుడున్నట్టు కనపడదు, ఒకప్పుడు ఉన్నట్టే కనపడుతుంది. చూపు మందగించిందేమో అనుకునేరు! డెబ్బయ్యేళ్ళు దాటినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. లోపం కంట్లో లేదు, ఆవిడ తలలో ఉన్న ఊళ్ళో ఉంది.

ఒకసారి బస్సు దిగిన పెద్దమనిషి ఒకాయన, చంకలో కాగితాల కట్టతో, పాపం తెలియక ఆవిడనే అడిగాడు.

"అమ్మా, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎలా వెళ్ళాలండీ?"

"ఏముందీ! తిన్నగా వెళితే సినిమాహాలు. అక్కడ ఎడమచేతివైపు తిరిగితే ఐసు ఫ్యాక్టరీ. అది దాటగానే గుర్రాలశాల. దానికెదురుగానే నీ ఆఫీసు. కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు."

నిజమే, కళ్ళు మూసుకునే వెళ్ళాలి. తెరిస్తే అవేవీ ఉండవు. ఆ పెద్దమనిషి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"సినిమాహాలు ఎక్కడా కనపడలేదమ్మా."

"ఎలా కనపడుతుంది నాయనా? పడగొట్టి పదిహేనేళ్ళయింది."

"మరి మీరే కదండీ సినిమాహాలు దగ్గర తిరగమన్నారు?"

"తిరగమన్నాను గానీ చూడమన్నానా?"

ఆయన కాగితాల కట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. చివరికి నేనే సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాను. సిమెంటు గోడౌను దగ్గర ఎడమకు తిరిగి, పిల్లల ఆసుపత్రి దాటి, పెట్రోలు బంకు ఎదురుగా దింపాను. ఆఫీసుకి అప్పుడే తాళం వేస్తున్నారు.

ఇందులో నా బాధ ఇంకొకటి ఉంది. నేను బోర్డులు రాసే పెయింటర్ని. ఈ ఊళ్ళో ఏ కొట్టు పేరు మారినా, ఏ ఆఫీసు చోటు మారినా నా చేతిమీదుగానే మారాలి. నా మేనత్తేమో నేను రాసిన ఒక్క బోర్డూ ఈ జన్మలో చదివిన పాపాన పోలేదు. ఎండలో నిచ్చెనెక్కి, నాలుగు రంగులు కలిపి, అక్షరాలకు నీడలు కూడా దిద్ది 'నవతరం క్షౌరశాల' అని రాసి ఇంటికొచ్చానా, ఆవిడ నా తలకేసి చూసి, "విత్తనాల కొట్లో కత్తిరించుకున్నావా? చెవుల దగ్గర కాస్త ఎక్కువ తీసేశాడు" అంటుంది. ఇంటి దీపమే నా బోర్డు కాల్చేస్తే ఇక ఊళ్ళోవాళ్ళను ఏమనుకోను?

ఊళ్ళోవాళ్ళూ తక్కువ తినలేదు. ఆవిడ నోట విని విని అందరికీ అదే అలవాటైపోయింది. ఒకసారి పెట్రోలు బంకు వెనకాల గడ్డికి నిప్పంటుకుంటే ఆవిడే అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేసింది. "గుర్రాలశాల తగలబడుతోంది, రండి!" అని పెట్టేసింది. బండి డ్రైవరు కొత్తవాడు. "ఈ ఊళ్ళో గుర్రాలెక్కడివి?" అని బిక్కమొహం వేశాడట. వెనకాల కూర్చున్నవాళ్ళంతా ఒక్క గొంతుతో "పెట్రోలు బంకురా బాబూ, పోనీ!" అని అరిచారట. నిప్పు బంకు దాకా పాకకముందే ఆర్పేశారు. ఆ డ్రైవరు మర్నాడే వచ్చి ఆవిడ దగ్గర పాత ఊరు నేర్చుకున్నాడు. ఉద్యోగం నిలబడాలంటే తప్పదన్నాడు.

అందుకే ఊరంతా కలిసి ఆవిడకు 'మాజీ అత్తయ్య' అని పేరు పెట్టింది. నా పెళ్ళయిన కొత్తల్లో మా ఇంటికి ఆవిడ వస్తోందంటే మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా అడిగింది.

"మాజీ అత్తయ్య అంటే ఏమిటండీ? మీ మావయ్యగారు వదిలేశారా?"

"ఛ, ఛ! చిలకా గోరింకల్లా ఉంటారు."

అంతలోనే అత్తయ్య గుమ్మంలోంచి కేకేసింది. "అమ్మాయ్! పక్కింటాయన ఇటు వచ్చాడా? పొద్దుటినుంచీ నాతో మాట్లాడకుండా తిరుగుతున్నాడు. నా మీద అలిగాడో ఏమిటో!"

మా ఆవిడ మొహం పాలిపోయింది. ఆ పక్కింటాయన మా మావయ్యేనని నమ్మించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. పెళ్ళికి ముందు ఆయన పక్కింట్లో ఉండేవాడు మరి. తరవాత జరిగిన పెళ్ళి, కాపురం, ఇద్దరు పిల్లలు, నలుగురు మనవలు, ఇవేవీ ఆయన పేరును మార్చలేకపోయాయి.

అసలు ఈ జబ్బు ఆవిడకు ఉద్యోగంలో అంటింది. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఆ రోజుల్లో మా ఊళ్ళో నంబర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. ఫోనెత్తి "ఐసు ఫ్యాక్టరీకి కలుపమ్మా", "సినిమాహాలుకి ఇవ్వమ్మా" అనేవాళ్ళు. ఆవిడ చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, తీగ లాగి చిల్లులో గుచ్చేది. అలా ఏళ్ళ తరబడి ఊరంతా ఆవిడ ఎదురుగా బోర్డు మీద చిల్లులు చిల్లులుగా ఉండేది. ఆ తరవాత ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకునే యంత్రం వచ్చింది, ఆ బోర్డు ఊడదీసి పట్టుకుపోయారు. పట్టుకుపోయింది చెక్కబోర్డునే, అసలు బోర్డు ఆవిడ తలలోనే ఉండిపోయింది. ఎక్స్ఛేంజి భవనంలో ఇప్పుడు వ్యాయామశాల పెట్టారు. "మా మనవడు రోజూ ఎక్స్ఛేంజికి వెళ్ళి కండలు పెంచుతున్నాడు" అని ఆవిడ చెబితే కొత్తవాళ్ళు ఫోన్లు మరీ బరువేమో అనుకుంటారు.

మా ఊరి సంగతి కూడా కాస్త చెప్పాలి. మాది జిల్లా కేంద్రం. చెబితే ఎవరూ నమ్మరు గానీ మాదే. ఒక చివర నిలబడి తుమ్మితే రెండో చివరనుంచి "చల్లగుండు" అంటారు, అంత ఊరు. కోర్టుంది, జైలుంది, పెద్దాసుపత్రుంది, ఎందుకున్నాయో ఎవరికీ తెలియని ఆఫీసులు చాలా ఉన్నాయి. పొద్దున బస్సులు రాగానే జనాభా రెండింతలవుతుంది. వాయిదాకి వచ్చినవాళ్ళు, సంతకానికి వచ్చినవాళ్ళు, సంతకం పెట్టాల్సినవాడు సెలవులో ఉన్నాడని తెలిసి టీకొట్లో కూలబడేవాళ్ళు. సాయంత్రం బస్సులు వెళ్ళిపోగానే మళ్ళీ మేమే మిగులుతాం, ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ.

ఈ హోదా మాకు జ్వరం వల్ల వచ్చింది. వందేళ్ళ కిందట జిల్లా కేంద్రం ఎక్కడ పెట్టాలా అని చూడ్డానికి ఒక పైఅధికారి బయల్దేరాడట. ఏటికి అవతల ఉన్న ఊరు మాకన్నా పెద్దది. అక్కడ పెట్టాలనే నిర్ణయం కూడా దాదాపు అయిపోయింది. దారిలో మా ఊళ్ళో ఒక రాత్రి పడుకున్నాడో లేదో, ఆయన్ని జ్వరం పట్టుకుంది. రోజులు గడిచినా తగ్గలేదు. కాగితాలు ఆయన మంచం దగ్గరికొచ్చాయి, కాగితాల వెనకాల గుమాస్తాలొచ్చారు, గుమాస్తాల వెనకాల పెళ్ళాం పిల్లలొచ్చారు. ఆయనకు జ్వరం తగ్గి లేచి చూసేసరికి కేంద్రం ఇక్కడే ఉంది. అవతలి ఊరివాళ్ళకు ఆ కడుపుమంట ఈనాటికీ చల్లారలేదు. వాళ్ళకు వంతెనుంది, కాలేజీలున్నాయి, ఎక్కితే మెట్లే కదిలే బజారుంది. అయినా మమ్మల్ని చూస్తే "జ్వరం కేంద్రం వాళ్ళొచ్చారు" అంటారు. ఆయన పడుకున్న గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది. అత్తయ్య పుణ్యమా అని ఊరంతా "జ్వరం గదిలో రీఛార్జి చేయించుకొస్తా" అనే అంటారు.

మనుషుల విషయంలోనూ ఆవిడ తీరు అంతే. మా మేయరు చిన్నప్పుడు సైకిలుకి పాల క్యాన్లు కట్టుకుని ఇంటింటికీ పోసేవాడు. నిండు సభలో అత్తయ్య లేచి, "పాల క్యాను బాబూ, మా వీధి దీపం వెలిగి ఎన్నాళ్ళయిందో చూశావా?" అంది. పక్కనున్నవాళ్ళు నాలుక్కరుచుకున్నారు. మేయరు మాత్రం ఆవిడకు దణ్ణం పెట్టి, దీపం వేయించి, ఆ తరవాతి ఎన్నికల్లో 'మీ పాల క్యాను బాబు' అనే పేరుతోనే ఓట్లడిగాడు. ఆ గోడరాతలన్నీ నాతోనే రాయించాడు. ఆ ఒక్కసారే, ఆవిడ పిలిచే పాతపేరు వల్ల నాకు నాలుగు డబ్బులొచ్చాయి.

కొత్తగా వచ్చిన జిల్లా అధికారి ఒక చిన్నవయసు ఆవిడ. ఉద్యోగంలో చేరాల్సిన రోజున కారు ఆపి, ఖర్మకాలి అత్తయ్యనే దారి అడిగింది. కొత్త అధికారి కోసం ఆఫీసువాళ్ళు పూలగుత్తులు పట్టుకుని ఎండలో నిలబడితే, ఆవిడ సినిమాహాలు వెతుక్కుంటూ పాత జైలు వెనక సందులో తేలింది. మేమంతా అత్తయ్యకు మూడిందనుకున్నాం. ఆ అధికారికి కోపం రాకపోగా ముచ్చటేసింది. ఈ ఏడాది మాది కేంద్రమై వందేళ్ళు. ఆ సందర్భంగా 'పాత ఊరి నడక' అని ఒకటి పెట్టింది. అత్తయ్య ముందు నడుస్తూ ఒక్కో చోట ఆగి అక్కడ ఒకప్పుడు ఏముండేదో చెబుతుంది. ఆవిడ చెప్పింది నేను రేకు పలకల మీద 'ఒకప్పుడు ఇక్కడ' అంటూ రాసి గోడకు బిగిస్తాను. ఆఖరికి మేనత్తా మేనల్లుళ్ళు ఒకే పనిలో దిగామని మావయ్య తెగ నవ్వాడు.

నడక ఇంకా వారం ఉందనగా నా షెడ్డుకి జైలు సందులో ఉండే దర్జీ వచ్చాడు. మెళ్ళో కొలత టేపు అలాగే వేలాడుతోంది. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పెయింటరు గారూ, ఒక్క గోడ వదిలేయండి."

"ఏ గోడ?"

"నాదే."

నాకు అర్థమైంది. పాత జైలుని ఊరి బయటికి మార్చినప్పుడు దాని ప్రహరీ వెంబడి ఉన్న గదుల్ని అద్దెలకిచ్చారు. దర్జీ కొట్టున్న గది అప్పట్లో విడుదల గది. శిక్ష పూర్తయినవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, వచ్చినప్పుడు విప్పిన బట్టలు తిరిగిచ్చి, సంతకం పెట్టించుకుని వీధిలోకి వదిలేవాళ్ళు. ఈ దర్జీ కూడా ఆ గుమ్మంలోంచి బయటికొచ్చినవాడే. కుర్రతనంలో ఏదో గొడవలో చెయ్యి చేసుకుని లోపలికి వెళ్ళాడు. కుట్టుపని లోపలే నేర్చుకున్నాడు.

"ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలిసిందే కదయ్యా. ఎవరేమన్నారు ఇన్నాళ్ళూ?" అన్నాను.

"పెద్దవాళ్ళ గురించి కాదండీ. మా పాప నాలుగో తరగతి. నడకకి వాళ్ళ స్కూలు పిల్లల్ని కూడా తీసుకొస్తున్నారు. 'నాన్నా, మన కొట్టు ఒకప్పుడు ఏమిటో మామ్మగారు చెబుతారంట' అని నాలుగు రోజులుగా ఎగురుతోంది. గది సంగతి చెబితే నా సంగతి దాకా ఎంతసేపు? పిల్లలు కదా, ఎవడో ఒకడు ఇంట్లో విన్నది అంటాడు." టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. "దాచిపెడదామని కాదండీ. కాస్త పెద్దయ్యాక నేనే చెబుతా. నా నోటితో నేనే చెప్పుకోవాలి. గోడమీద చదవకూడదు."

"అసలు ఊళ్ళో ఇన్ని గదులుండగా ఆ గదే ఎందుకు తీసుకున్నావయ్యా బాబూ?"

"అద్దె తక్కువండీ," అని కొద్దిగా నవ్వాడు. "పైగా దారి తెలిసిన గది."

అత్తయ్యకు నోట్లో నువ్వుగింజ నానదు. తెలిసింది చెప్పొద్దంటే ఆవిడకు ఊపిరి పీల్చొద్దన్నట్టే. అయినా ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని నడకలో ఎక్కడెక్కడ ఆగాలో మావయ్యకు అప్పజెబుతోంది. మావయ్య నిద్రపోతూ ఊఁ కొడుతున్నాడు.

"అత్తయ్యా, జైలు సందు వదిలేద్దామా? ఇరుకు సందు, పిల్లలు తొక్కుకుంటారు."

"గుర్రాలబండి పట్టిన సందురా అది."

"పోనీ దర్జీ కొట్టు దగ్గర ఆగకుండా వెళ్ళిపోదాం."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "వరసగా అన్నిటి దగ్గరా ఆగి, దాని దగ్గర ఒక్కచోటే ఆగకపోతే జనం ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు?"

"దాన్నే చూస్తారు. బుర్ర ఉందా నీకు?"

"మరి ఆగి ఏం చెబుతావు?"

"ఏం చెప్పాలో అది చెబుతా. బోర్డులు రాయడం నీ పని, నోరు నాది. వెళ్ళు, చీకటి పడుతోంది."

ఆవిడ అలా అన్నాక ఇంకేం అడగను? దర్జీకి ఏం చెప్పాలో తెలియక వారమంతా ఆ సందులోకే వెళ్ళలేదు. నా చొక్కా ఒకటి అతని దగ్గర ఉండిపోయింది.

నడక రోజున ఊరు ఊరంతా వచ్చింది. ముందు అత్తయ్య, పక్కన జిల్లా అధికారి, వెనక మేయరు, వాళ్ళ వెనక చేతులు పట్టుకుని జంటలు జంటలుగా బడిపిల్లలు, ఆ వెనక పెద్దలు. అందరికన్నా చివర రేకు పలకలు, రంగు డబ్బా మోసుకుంటూ నేను. పిలవని పేరంటంగా అవతలి ఊరి చరిత్ర మేష్టారు కూడా వచ్చాడు. ఆయన రిటైరయ్యాక పెట్టుకున్న పని ఒక్కటే, మా అత్తయ్య తప్పు పట్టుకోవడం. మా ఊరికి జ్వరం వచ్చిందే గానీ కేంద్రం న్యాయంగా రాలేదని ఆయన వాదన.

అత్తయ్య ఆ రోజు రెచ్చిపోయింది. సిమెంటు గోడౌను ముందు నిలబడి నేల టిక్కెట్టు కిటికీ ఎక్కడుండేదో, దానిలో చెయ్యి ఇరుక్కుపోయి ఎవరు సినిమా మొత్తం బయటే నిలబడ్డాడో చెప్పింది. ఆ చెయ్యి తనదేనని పోస్టుమాస్టరు సంతోషంగా ఒప్పుకున్నాడు. పిల్లల ఆసుపత్రి ముందు ఐసు దిమ్మలు రంపంతో ఎలా కోసేవాళ్ళో చేసి చూపించింది. జ్వరం గదిలో సెల్‌ఫోన్లు కొనుక్కుంటున్నవాళ్ళను పక్కకు నెట్టి, "మంచం ఇదిగో, ఇలా తూర్పు తల" అని గీత గీసింది.

"పడమటి తల అని మా దగ్గర రాసుంది," అన్నాడు మేష్టారు.

"తల ఎటుంటేనేం మేష్టారూ, జ్వరం ఇక్కడే కదా వచ్చింది!"

జనం ఈలలు వేశారు. మేష్టారు మొహం మాడ్చుకున్నాడు.

అలా అలా జైలు సందులోకి మలుపు తిరిగాం. గొడుగులు బాగుచేసే కొట్టు ఒకప్పుడు జైలు గంట గది అని చెప్పింది. పక్కనున్న సైకిలు కొట్టు వార్డర్లు బూట్లు విడిచే గది అంది. మూడోది దర్జీ కొట్టు. దర్జీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తెర ఉందన్న సంగతి కూడా మరిచిపోయినట్టున్నాడు. పిల్లల వరసలోంచి రెండు జడల పాప ఒకతి ఒంటికాలి మీద గెంతుతూ చెయ్యెత్తింది.

"మామ్మగారూ, మామ్మగారూ! ఇది మా కొట్టు! ఇది ఒకప్పుడు ఏమిటి?"

వెనకాలనుంచి నేను రేకు పలకతో ముందుకు తోసుకొచ్చాను. అత్తయ్య గుమ్మం వంక చూసింది, దర్జీ వంక చూసింది. తరవాత తల పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని, నేను రాసిన బోర్డును అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. నా జన్మలో మొదటిసారి!

"ద-ర్జీ. బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసుంటే నన్నడుగుతావేమే? దర్జీ కొట్టు."

"అది ఇప్పుడండీ! అంతకుముందు?"

"అంతకుముందా?" అని అత్తయ్య గడ్డం గోక్కుంది. నుదురు రాసుకుంది. ఆకాశంకేసి చూసింది. "అంతకుముందు... గుర్తులేదే తల్లీ."

ఆవిడ నోట ఆ మాట విన్నవాడు ఈ ఊళ్ళో లేడు. మావయ్య అయితే నిద్రమత్తు వదిలి భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"గుర్తులేదా!" మేష్టారు గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చాడు. ఆయన కళ్ళు మెరిసిపోతున్నాయి. "గంట గది గుర్తుంది, దాని పక్క బూట్ల గది గుర్తుంది, ఈ మూడో గది గుర్తులేదా? మీరే ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను మేష్టారూ. ముసలిదాన్నయిపోయాను. మీరే గెలిచారు. మీ ఊరెళ్ళి చెప్పుకోండి."

"అలా ఎలా? ఇంతమంది పెద్దలున్నారు, ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది!" అని ఆయన మేయరు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి!"

మా మేయరు ఒక్క క్షణం అత్తయ్య వంక చూశాడు. "ఈ సందులో ఎవరూ పాలు పోయించుకునేవారు కాదండీ. నాకసలు ఈ సందే గుర్తులేదు."

"మీరు?"

"నాకా? నాకు నిన్న తిన్నదే గుర్తుండదు," అన్నాడు పోస్టుమాస్టరు.

"బూట్ల గది పక్కన గోడే ఉండేదనుకుంటా," అన్నాడు గొడుగులాయన. "గోడలో గదేమిటండీ?" అని సైకిలు కొట్టువాడు ఎదురు తిరిగాడు. అగ్నిమాపక డ్రైవరు పాత ఊరు మొత్తం అత్తయ్య దగ్గర నేర్చుకున్నవాడు, "ఆ పాఠం రోజు నేను రాలేదు సార్" అన్నాడు. ఒక్క నిమిషంలో మా ఊరి పెద్దలందరికీ మూకుమ్మడిగా మతిపోయింది. మేష్టారు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వెళ్ళాడు. అంతా ఆకాశంలో ఏదో వెతుకుతున్నారు.

జిల్లా అధికారి తెలివైన మనిషి. ఏమీ అడగలేదు. "మరి ఈ గోడకి పలక మీద ఏం రాద్దామండీ?" అంది మెల్లిగా.

"ఆ పిల్లనే అడగండి. కొట్టు వాళ్ళది," అంది అత్తయ్య.

పాప ఒంటికాలి గెంతు ఆపి చాలాసేపు ఆలోచించింది. "ఇప్పుడు ఇక్కడ మా నాన్న ఉన్నాడు, అని రాయండి," అంది.

అదే రాశాను. అక్కడే, అందరి ముందూ, సందులో చతికిలబడి రాశాను. ఊరంతటా 'ఒకప్పుడు ఇక్కడ' అని ఉన్న పలకల్లో 'ఇప్పుడు ఇక్కడ' అని ఉన్నది అదొక్కటే. బిగించడానికి స్టూలు తెచ్చిచ్చింది దర్జీయే. మొదటి మేకు వంకర పోయింది.

ఆ తరవాత అత్తయ్య పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మాజీ అత్తయ్యకు మతిమరుపు వచ్చిందని అవతలి ఊళ్ళో దండోరా వేశారు. అసలు సంగతి తెలియని మా ఊరి కుర్రకారు కూడా కంగారుపడి టానిక్కు సీసాలు మోసుకొచ్చారు. డాక్టరు ఇంటికే వచ్చి, "అమ్మా, ఈయన ఎవరో చెప్పండి" అని మావయ్యను చూపించాడు. "పక్కింటాయన" అంది. డాక్టరు నిట్టూర్చి పెద్ద మందు రాశాడు. ఇంత జరిగినా ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. టానిక్కులు తియ్యగా ఉన్నాయని మనవళ్ళకు పంచిపెట్టింది. దర్జీ ఆవిడకొక చలికోటు కుట్టుకొస్తే మాత్రం, "ఎడమ చెయ్యి పొడుగయింది, మళ్ళీ కుట్టు" అని తిప్పి పంపింది. అతను నవ్వుకుంటూ తీసుకెళ్ళి, సరిచేసి తెచ్చిచ్చాడు.

ఉండబట్టలేక ఒకరోజు నేనే అడిగాను. "అత్తయ్యా, ఆ గదికి ఫోను కూడా ఉండేది కదా? బయటికొచ్చినవాళ్ళు ఇళ్ళకి చేసుకునేవాళ్ళు. నువ్వే కలిపేదానివి."

"కలిపేదాన్ని."

"దర్జీ కూడా చేశాడా?"

"చేసే ఉంటాడు."

"అవతలివాళ్ళు ఏమన్నారు?"

"ఆపరేటరు కలుపుతుందిరా, వినదు," అంది. కోటు చెయ్యి మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. "అవునూ, ఆ గది నీకింకా గుర్తుందా?"

"ఎందుకు లేదు? చిన్నప్పుడు..."

"అయితే మర్చిపో. ఇంత వయసొచ్చింది, ఎప్పుడు నేర్చుకుంటావు?"

ఆవిడ తిట్టిన తిట్టుకి నాకు ఏదో తట్టింది. ఇంటికొస్తూ దారి పొడుగునా ఒక్కో కొట్టునూ అత్తయ్య ఏమని పిలుస్తుందో గుర్తుచేసుకున్నాను. సినిమాహాలు, ఐసు ఫ్యాక్టరీ, విత్తనాల కొట్టు, వింటే అవతలివాడు నవ్వే పేర్లన్నీ పాతవే. అక్కడక్కడా కొన్నిటిని మాత్రం, బోర్డు చదవని మా అత్తయ్య, బోర్డు మీద ఉన్నట్టే పిలుస్తుంది. బస్టాండు పక్క పుస్తకాల కొట్టు ఆవిడకు పుస్తకాల కొట్టే. మిద్దె మీది సంగీతం టీచరు సంగీతం టీచరే. కోర్టు ఎదురుగా పూలకొట్టును కూడా మొదటినుంచీ పూలకొట్టు అనే అంటుంది. ఇన్నేళ్ళూ గమనించనివాణ్ణి నేనే. పూలకొట్టావిడ నన్ను చూసి చెయ్యూపింది, నేనూ ఊపాను.

పూలకొట్టు ఒకప్పుడు ఏమిటంటారా? నన్నడక్కండి. నాకు గుర్తులేదు.